మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటికి తోడుగా నిలవడం: ప్రార్థన, ఓర్పు, పరిచర్య ఒక్కటిగా చేసే దారి

సంఘంలో ఒకరికి పక్షవాతం వచ్చిందని తెలిసిన వారం ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు పట్టవు. యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసాలు, కొబ్బరి బొండాలు వరసగా వస్తాయి. అయ్యగారు (పాస్టరు) వస్తారు, సంఘ పెద్దలు వస్తారు, స్త్రీల సమాజమంతా కలిసి వస్తుంది. మూడు నెలలు తిరిగేసరికి ఆదివారం ప్రార్థన మనవుల్లో పేరు చదవడం ఒక్కటే మిగులుతుంది. తర్వాత అదీ ఆగిపోతుంది. ఆ మనిషి మాత్రం అదే మంచం మీద ఉంటాడు. భార్యో, కోడలో, కూతురో ఆ మంచం పక్కనే ఉంటుంది.

నేను రాస్తున్నది ఆ నాలుగో నెల నుంచి చేయాల్సిన పని గురించి. రోమా పత్రిక 12వ అధ్యాయం 12వ వచనంలో పౌలు శ్రమలో ఓర్పునూ ప్రార్థనలో పట్టుదలనూ ఒకే మాటలో చెప్పాడు. వెంటనే తర్వాతి వచనంలో పరిశుద్ధుల అవసరాల్లో పాలు పంచుకోమన్నాడు. ఇంకో రెండు వచనాలు దాటగానే ఏడ్చేవాళ్లతో ఏడవమన్నాడు. మనం వీటిని విడదీసి, ప్రార్థన శుక్రవారం ఉపవాస కూటానికి, సాయం క్రిస్మస్‌కి అన్నట్టు పంచేసుకున్నాం. ఒక్క ఇంటిని పట్టుకుని చాలాకాలం నడిస్తే ఈ మూడూ మళ్లీ కలుస్తాయి. అది ఎలా చేయాలో చెబుతాను.

1. ఒక్క ఇంటినే ఎంచుకోండి, నలుగురు కలవండి

పది ఇళ్లు తిరగాలని మొదలుపెట్టకండి. పది ఇళ్లకు ఏడాదికోసారి వెళ్లడం కన్నా ఒక ఇంటికి వారం వారం వెళ్లడం ఎక్కువ మేలు చేస్తుంది. నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఇల్లు చూసుకోండి. బంధుబలగం ఎక్కువగా ఉన్న ఇంటికి మీ అవసరం తక్కువ. పిల్లలు ఎక్కడో దూరాన ఉద్యోగాల్లో ఉండి ముసలి దంపతులు ఇద్దరే మిగిలిన ఇల్లు, డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు తిరిగే ఇల్లు, మతిమరుపు జబ్బుతో ఉన్న తల్లిని ఒక్క కూతురే చూసుకునే ఇల్లు మన కళ్ల ముందే ఉంటాయి. ఎవరూ వెళ్లడం మానేసిన ఇల్లు ఏదో మీ సంఘంలో అందరికీ తెలుసు.

ఒంటరిగా దిగకండి. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాతం వచ్చిన మనిషిని యేసు దగ్గరికి మోసుకొచ్చింది నలుగురు. అందుకే నేను ఎప్పుడూ నలుగురు అనే చెబుతాను. ఒకరికి ఒంట్లో బాగోకపోయినా, ఒకరు ఊరెళ్లినా పని ఆగదు. ఆ నలుగురిలో ఒకరికి బండో ఆటోనో ఉంటే మంచిది, ఒకరికి ఆసుపత్రి కాగితాలు అర్థమైతే మంచిది, కనీసం ఇద్దరు స్త్రీలై ఉండాలి. చూసుకునేది ఆడమనిషి అయినప్పుడు తన ఇబ్బంది ఆమె మగవాళ్లతో చెప్పదు. అయ్యగారికి ముందే చెప్పండి. ఆయన అనుమతి కోసం కాదు గానీ, ఆయన వచ్చే రోజూ మీరు వెళ్లే రోజూ ఒకటే కాకుండా ఉంటాయి.

2. వెళ్లడానికి ముందు ఇంట్లో కూర్చుని ప్రార్థించండి

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. రోగి పేరు రాయండి, దాని పక్కనే చూసుకునే మనిషి పేరు రాయండి. చాలామంది ప్రార్థనల్లో ఈ రెండో పేరు ఉండదు. కింద ఆ వారం ఆ ఇంట్లో ఏం జరగబోతోందో రాసుకోండి: గురువారం స్కానింగ్, శనివారం బ్యాంకు వాళ్లు వస్తామన్నారు, రాత్రుళ్లు నిద్ర లేదు. "ప్రభువా, స్వస్థపరచు" అని ఒక్క మాటతో దాటిపోకుండా, గురువారం ఆ స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చునే భార్య కోసం ప్రార్థించండి. అలా ప్రార్థించిన మనిషి గురువారం సాయంత్రం ఫోన్ చేయకుండా ఉండలేడు.

సమయం ఒకటే పెట్టుకోండి. తెల్లవారుజామునైనా, రాత్రి పడుకోబోయే ముందైనా మీ ఇష్టం. పది నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. ఏం ప్రార్థించాలో తోచని రోజున 13వ కీర్తన చదవండి. "ఎంతకాలం" అని దేవుణ్ణి నాలుగుసార్లు అడుగుతుందది. మరీ బరువుగా ఉన్న రోజున 88వ కీర్తన ఉంది. అది చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు మాట ఉండదు. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో ఉందంటే, జవాబు రాని ఇంటి కోసం ప్రార్థించేవాళ్లకు అది ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఆమెన్ అనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు నేను అడిగినదానిలో నా చేతిలో ఉన్నది ఏమైనా ఉందా? వెచ్చగా ఉండండి, కడుపునిండా తినండి అని చెప్పి, కావలసినవి ఇవ్వకుండా పంపేస్తే ఏం లాభమని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో అడిగాడు. మందుల కోసం ప్రార్థించిన రోజు ఆ మందుల చీటీ ఫొటో తీసి పంపమని అడగడం ప్రార్థనలో భాగమే.

మన గడ్డ మీదే దీనికి గొప్ప సాక్ష్యం ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, వాళ్లతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గర కొండెక్కి ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. ఆ ఏడాది ఏమీ జరగలేదు, తర్వాతి ఏడాదీ జరగలేదు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలు వచ్చి పని మొదలుపెట్టింది 1866లో. పన్నెండేళ్లు ఆ ప్రార్థన అలాగే నిలిచి ఉంది. తర్వాత 1876–78 నాటి పెద్ద కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే పనిని కాంట్రాక్టుగా తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలీ దొరికేలా చేశాడు. కొండ మీద మొదలైన ప్రార్థన కాలువ గట్టున కూలి డబ్బుగా ఆ జనం చేతికి అందింది. ఈయన సంగతి ఇంకొకటి కిందికి చెబుతాను, అది ఇంకా ముఖ్యం.

3. గుమ్మం దాకా

ముందు ఫోన్ చేయండి. "ఎప్పుడు రమ్మంటారు?" అని అడగండి. స్నానం చేయించే వేళ, పడక గుడ్డలు మార్చే వేళ, మందుల మత్తులో నిద్రపోయే వేళ ఆ ఇంటికి మాత్రమే తెలుస్తాయి. జలుబో దగ్గో ఉంటే ఆ వారం మానేయండి. కేన్సర్ మందులు ఎక్కించుకుంటున్నవాళ్లకు మన చిన్న దగ్గు పెద్ద ప్రమాదం. ఇద్దరికి మించి వెళ్లొద్దు. వెళ్లగానే కాళ్లు చేతులు కడుక్కోండి. మీకోసం టీ పెట్టనివ్వకండి. ఫ్లాస్కులో మీరే తీసుకెళ్తే ఆ ఇల్లాలు కూడా కూర్చుని తాగుతుంది. షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు పళ్లు, కొబ్బరి నీళ్లు కూడా పడకపోవచ్చు, అడగకుండా పట్టుకెళ్లొద్దు.

4. ఆ గదిలో

నిలబడి మాట్లాడొద్దు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, రోగి కళ్లకు మీ కళ్లు ఎదురుగా ఉండేలా కూర్చోండి. రోగి పక్కనుండగానే "ఏమైనా తింటున్నారా?" అని భార్యని అడగడం మనకు అలవాటు. ఆయన్నే అడగండి. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లలో చాలామందికి మనం చెప్పేది అర్థమవుతుంది, నోట మాట రాదంతే. అవును, కాదు అని తలతోనో చేత్తోనో చెప్పగలిగే ప్రశ్నలు వేయండి. వేశాక ఆగండి. వాళ్లు జవాబు వెతుక్కునే లోపలే మనం ఇంకో ప్రశ్న వేస్తే వాళ్లు ప్రయత్నం మానేస్తారు. గదిలో ఓర్పు అంటే మొట్టమొదట ఇదే, అర నిమిషం నోరు మూసుకుని ఎదురు చూడటం.

యోబు స్నేహితులను మనం తప్పుపడతాం గానీ, వాళ్లు మొదట చేసిన పని ఎంతో గొప్పది. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు. మనం నోరు తెరిచేది ఎక్కువ, కూర్చునేది తక్కువ.

కొన్ని మాటలు ఆ గదిలో అసలు రాకూడదు. "మీ విశ్వాసం చాలలేదు" అనొద్దు. "ఏదో రహస్య పాపం ఉంటుంది, ఒప్పుకోండి" అనొద్దు. పుట్టు గుడ్డివాడి విషయంలో ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదని యేసు తేల్చి చెప్పాడు. అది యోహాను 9వ అధ్యాయం. "ఫలానా ఆయనకు ఇదే జబ్బు, నెలకే పోయాడు" లాంటి కబుర్లు కూడా వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, మందులు మానేసి విశ్వాసంతో ఉండమని ఎవరైనా అంటే ఆ మాటని అక్కడే ఆపండి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. గుంటూరులో మిషనరీ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం ఆసుపత్రి కట్టింది ఈ విశ్వాసంతోనే. బీపీ మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు.

ప్రార్థన చేయమంటారా అని అడిగి చేయండి. "దేని గురించి ప్రార్థించమంటారు?" అని కూడా అడగండి. మనం జబ్బు గురించి అనుకుంటాం, ఆయనకు కూతురి పెళ్లి గురించి బెంగ ఉండొచ్చు. ప్రార్థన రెండు మూడు నిమిషాలు మించొద్దు. గొంతు పెంచొద్దు, ప్రార్థన ముసుగులో ప్రసంగం చేయొద్దు. ఒప్పుకుంటే చేయి పట్టుకోండి. నూనె రాసి ప్రార్థించాలని కోరితే, యాకోబు 5:14లో చెప్పినట్టు సంఘ పెద్దలను పిలవండి. గుడికి రాలేనివాళ్లు ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి) చాలాకాలంగా దూరమై ఉంటారు, అది వాళ్లని ఎంత బాధపెడుతుందో బయటికి చెప్పరు. ఇంటికి వచ్చి బల్ల ఇవ్వమని అయ్యగారిని మీరే అడగండి.

ఇంకొకటి చెప్పాలి. పాడండి. మాట పడిపోయిన కొందరు, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పాటని మాత్రం పాడగలుగుతారు. మనం పల్లవి మెల్లగా ఎత్తుకుంటే రెండో చరణం దగ్గర పెదాలు కదులుతాయి, ఒక్కోసారి రెండు మూడు మాటలు స్పష్టంగా బయటికి వస్తాయి. పక్కనున్న భార్య చేతిలో పని వదిలేసి తలుపు దగ్గరే నిలబడిపోతుంది. ఆయనకు ఏ పాట ఇష్టమో ముందే కనుక్కుని ఉంచుకోండి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల దగ్గర కూడా, పిల్లల పేర్లు మర్చిపోయినా, 23వ కీర్తన మొదలుపెడితే మిగతాది వాళ్లే చెప్పడం నేను చూశాను.

ఇరవై నిమిషాల్లో లేవండి. మళ్లీ వచ్చే రోజు చెప్పి లేవండి. చెప్పిన రోజున తప్పకుండా రండి. మంచం మీదున్నవాళ్లకు వారంలో ఎదురుచూడటానికి ఆ ఒక్క రోజే ఉండొచ్చు.

5. మంచం పక్కనున్న మనిషి

నిజమైన పరిచర్య ఎక్కువగా ఇక్కడే ఉంది. "ఏదైనా అవసరమైతే చెప్పమ్మా" అని వచ్చేస్తే ఆమె ఎప్పటికీ చెప్పదు. "బుధవారం పది నుంచి పన్నెండు దాకా నేను అన్నయ్యగారి దగ్గర కూర్చుంటాను, నువ్వు నీ పని చూసుకో వదినా" అని ఏ రోజో, ఏ వేళో చెప్పి అడగండి. మొదటిసారి ఆమె బయటికే వెళ్లదు, వంటింట్లో గిన్నెలు సర్దుతూ చెవి ఇటే వేసి ఉంటుంది. రెండోసారి తలంటుకుంటుంది. నాలుగైదు వారాలకు గానీ తలుపు దగ్గరగా వేసుకుని పక్క గదిలో నిద్రపోదు. ఆ రెండు గంటల నిద్ర మన మొత్తం ఉపవాస కూటానికి తక్కువది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఒక ఆదివారం ఆమెను ఆరాధనకు పంపి, మీరు ఇంట్లో ఉండండి. మీ ఆరాధన ఆ రోజు ఆ గదిలో జరుగుతుంది.

అలా కూర్చోవాలంటే కొంత నేర్చుకోవాలి. కదల్లేని మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి. నడుం కింద, మడమల దగ్గర ఎర్రబడిందేమో చూస్తుండాలి. తినిపించేటప్పుడు తల, వీపు ఎత్తుగా పెట్టాలి, తిన్నాక అర గంటైనా అలాగే ఉంచాలి. మింగడం కష్టమైన మనిషికి మనంతట మనం నీళ్లు పట్టకూడదు. ఇవన్నీ నర్సుని గానీ ఫిజియోథెరపిస్టుని గానీ అడిగి, ఒకసారి దగ్గరుండి చేయించుకుని నేర్చుకోండి.

కాగితాల పని ఇంకో పెద్ద బరువు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ చికిత్స వస్తుందో ఆసుపత్రిలో చేరకముందే అడిగి తెలుసుకోవాలి. పథకం వర్తించే ఆసుపత్రుల్లో దానికి వేరే కౌంటరు ఉంటుంది. వికలాంగుల పెన్షన్ కావాలంటే వైకల్యాన్ని ధ్రువీకరించే ప్రభుత్వ సర్టిఫికెట్ (సదరం లాంటిది) ఉండాలి, దానికి స్లాట్ బుక్ చేసుకుని, మనిషిని తీసుకెళ్లాలి. నలుగురిలో కాగితాలు తెలిసినవాళ్లు ఈ పని పూర్తిగా తమ మీద వేసుకోవాలి. రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టి ఇవ్వడం కూడా సేవే.

డబ్బు గురించి మొహమాటం వద్దు, ఆర్భాటమూ వద్దు. మన పాత సంఘాల్లో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుని కోసం పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవాళ్లు. నలుగురి ఇళ్లలో అదే అలవాటు మళ్లీ మొదలుపెట్టండి. నెల తిరిగేసరికి ఆ ఇంటికి డైపర్లకో మందులకో సాయమవుతుంది. ఇచ్చేటప్పుడు ఫొటోలు వద్దు. యేసు చెప్పిన కథలో, దారిన గాయపడ్డవాడిని ఆదుకున్న మంచి సమరయుడు రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చి ఊరుకోలేదు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తిరిగి వస్తానన్న ఆ మాటే ఇక్కడ మనకు కావలసింది.

6. ఓర్పు తెగే చోట్లు

రోగి మీ మీద అరుస్తాడు. తెచ్చిన ఇడ్లీ విసిరేస్తాడు. "మీ దేవుడు నాకేం చేశాడు?" అంటాడు. వాదించకండి. నొప్పి అలా మాట్లాడిస్తుంది, మెదడుకు దెబ్బ తగిలితే స్వభావమే మారిపోవచ్చు. దేవుణ్ణి మనం కాపాడనక్కర్లేదు. "అవునండీ, చాలా కష్టంగా ఉంది" అని ఊరుకుని, వచ్చే వారం మామూలుగా వెళ్లండి. ప్రేమ దీర్ఘకాలము సహించును అన్న మాట మనం పెళ్లి కార్డుల మీద వేయించుకుంటాం. దానికి అసలు పరీక్ష విసిరేసిన ఇడ్లీ దగ్గరే.

స్వస్థత రాని రోజులు వస్తాయి. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, నా కృప నీకు చాలునన్న జవాబు వచ్చింది. ఆ మాటని దేవుడు పౌలుతో చెప్పాడు. దాన్ని తీసుకెళ్లి మనం రోగి మీద రుద్దకూడదు. మన పని పక్కనుండటం.

మీరూ అలసిపోతారు. యేసు కూడా కపెర్నహూములో సాయంత్రమంతా రోగులతో గడిపి, మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్లాడు. రెండు వారాలు విరామం కావాలంటే మిగతా ముగ్గురికీ చెప్పి తీసుకోండి. ఇంట్లో మీ భర్తనో భార్యనో పిల్లలనో పస్తుపెట్టి పక్కింటికి సేవ చేయకండి. విసుగు మొహంలో కనబడే రోజున వెళ్లకపోవడమే మేలు.

7. గుట్టు, స్వేచ్ఛ

సంఘం వాట్సాప్ గ్రూపులో జబ్బు పేరు, ఫొటో, రిపోర్టు పెట్టొద్దు. "ఫలానా కుటుంబం కోసం ప్రార్థించండి" చాలు, అది కూడా వాళ్లని అడిగాకే. టీబీ, హెచ్‌ఐవీ, మానసిక జబ్బు లాంటివి బయటపడితే ఆ ఇంట్లో పిల్లల సంబంధాల దాకా దెబ్బ తగులుతుంది.

మీరు ఎంచుకున్న ఇల్లు క్రైస్తవ ఇల్లే కానక్కర్లేదు. పక్కింటి పెద్దమ్మ కావచ్చు. అక్కడ ప్రార్థిస్తానని అడగండి, వద్దంటే మనసులో కూడా నొచ్చుకోకండి. సాయం అంతే ఉండాలి, ప్రార్థన మీ ఇంట్లో మీ గదిలో చేసుకోండి. ఇక్కడే క్లౌ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కరువు సాయం జరుగుతున్నంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్లకు ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం ఎవరూ దేవుణ్ణి ఒప్పుకోకూడదని కరువు పని ముగిసేదాకా ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ తర్వాతే. మంచం మీదున్న మనిషి కాదనలేని స్థితిలో ఉంటాడు. అతని బలహీనతను మనకు అనుకూలంగా వాడుకోకూడదు.

8. ఆ మంచం ఖాళీ అయితే

కొందరు కోలుకుని గుడికి నడిచి వస్తారు. కొందరు ప్రభువు దగ్గరికి వెళ్తారు. సమాధి కార్యక్రమం, ఆదరణ కూటం దాకా జనం ఉంటారు. కూటం మర్నాడు మీరు వెళ్లాలి. మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించాలి, ఆ కాగితం లేకపోతే బ్యాంకు, పెన్షన్, ఇన్సూరెన్స్ పనులన్నీ ఆగిపోతాయి. ఆసుపత్రి మంచం, వీల్‌చైర్ అద్దెకు తెచ్చినవైతే తిరిగి ఇచ్చే పని మీరు చేయండి, మిగిలిన మందులు తీయించేయండి. ఏళ్ల తరబడి రాత్రి రెండింటికి లేచిన ఆమెకు ఇప్పుడూ రెండింటికే మెలకువ వస్తుంది. అలా జరుగుతుందని ఆమెకు ముందే చెప్పండి, పగలు ఎప్పుడైనా ఫోన్ చేయమనండి. నోటుపుస్తకంలో ఆ తేదీ, పెళ్లిరోజు, మొదటి క్రిస్మస్ రాసి పెట్టుకోండి. ఆ క్రిస్మస్ ఆరాధనకు ఆమెను ఎవరు తీసుకెళ్తారో, ఎవరింట్లో భోజనమో నలుగురూ డిసెంబరు మొదటి వారంలోనే అనుకోండి. ఏడాది తిరిగేదాకా మీ బుధవారాలు ఆమెవే, తర్వాత ఇంకో ఇంటి గురించి మాట్లాడుకోవచ్చు. ఆమెకు ఇష్టమైతే ఆ నలుగురిలో ఆమెను ఒకరిగా రమ్మనండి. పక్క ఎలా మార్చాలో మీ అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.